లెక్స్ లూథరు: ఒక ప్రతినాయకుని పూర్వచరిత్ర

మన పురాణములలోని ప్రతినాయకులకు పూర్వకథ ముందుగనే సిద్ధమై యుండును. వైకుంఠద్వారమున కావలియున్న జయవిజయులు సనకసనందనాదుల శాపమునకు లోనై, హిరణ్యాక్ష హిరణ్యకశిపులుగను, రావణ కుంభకర్ణులుగను, శిశుపాల దంతవక్త్రులుగను ముమ్మారు జన్మించిరని చిన్ననాటనే విన్న తెలుగువానికి, రావణుడు సీత నపహరించు ఘట్టము వచ్చునప్పటికి వాని దుర్మార్గమునకు మూలమెచ్చట నున్నదో తెలిసియే యుండును. అమెరికా దేశమున గత శతాబ్దపు నాలుగవ దశకమునుండి అచ్చగుచున్న కామిక్ పుస్తకముల సంగతి దీనికి సరిగా వ్యతిరేకము. అచ్చట దుష్టుడు ముందుగా దుష్కార్యములతో ప్రత్యక్షమగును. వానికి బాల్యము, తల్లిదండ్రులు, పగకు కారణము, ఒక్కొక్కప్పుడు పూర్తి పేరు సైతము, ఏండ్లు గడచిన పిమ్మట, అవసరమును బట్టి, వేరు వేరు రచయితల చేతులమీదుగా సమకూరును. అట్లు సమకూరినదియు స్థిరముగ నిలువదు. సూపర్‌మ్యాన్ అను లోకప్రసిద్ధ వీరునకు ఆజన్మవైరియని చెప్పబడు లెక్స్ లూథరు చరిత్ర దీనికి మిక్కిలి చక్కని నిదర్శనము. అతని గుణములు, అనగా అపారమైన మేధ, దానికి మించిన అహంకారము, ఆ రెంటి నడుమ రగులుచుండు అసూయ, ఎనుబదియేండ్లకు పైగా ఇంచుమించు మారలేదు. మారినది అతని వృత్తి. అమెరికా ప్రజలు ఏ కాలమున ఎట్టి అధికారమును చూచి జంకిరో, ఆ కాలమున లూథరు ఆ పీఠముపై కూర్చుండెను.

ఈ చరిత్రకు నాంది సూపర్‌మ్యాన్ కంటె ముందటిది. ఒహాయో రాష్ట్రమందలి క్లీవ్‌లాండ్ నగరమున, వలసవచ్చిన యూదు కుటుంబములలో పెరిగిన జెర్రీ సీగెల్, జో షూస్టర్ అను ఇరువురు బాల్యమిత్రులు, చదువుకొను దినములలోనే ‘సైన్స్ ఫిక్షన్’ అను చిన్న పత్రికను తామే సిద్ధపరచుకొని, అందు 1933 జనవరిలో ‘ది రెయిన్ ఆఫ్ ది సూపర్‌మ్యాన్’ అను కథను వెలువరించిరి. ఆర్థికమాంద్యము దేశమును కుదిపివేయుచున్న రోజులవి. ఉచితముగ పంచిపెట్టు రొట్టెకై బారులు తీరిన నిరుపేదలలో నొకనిని ఒక రసాయన శాస్త్రజ్ఞుడు కొనిపోయి, వానిపై తన మందును ప్రయోగింపగా, ఆ నిరుపేదకు పరుల మనస్సులను చదువుటకును, లొంగదీసికొనుటకును శక్తి కలుగును. వాడు లోకమునే ఏలదలచును. మందు గుణము తీరిపోవగానే తిరిగి రొట్టెల బారులోనికే పోవలసివచ్చును. ‘సూపర్‌మ్యాన్’ అను పేరు తొలుత ధరించినవాడు వీడే, వీడు దుష్టుడు, షూస్టర్ గీచిన చిత్రములో వీనిది బోడితల. తరువాతి కాలమున ఆ పేరు వీరునకు సంక్రమించెను. బోడితల, బుద్ధిబలముతో లోకమును ఏలవలెనను కాంక్ష, ఈ రెండును చాలకాలమునకు ఆ వీరుని శత్రువునకు సంక్రమించెను. ఒక్క కథలో నున్న ఒక్క వ్యక్తినుండి ఒకవంక నాయకుడును, ఒకవంక ప్రతినాయకుడును చీలివచ్చుట సాహిత్యచరిత్రలో అరుదైన విషయము.

1938వ సంవత్సరమున ‘యాక్షన్ కామిక్స్’ ప్రథమ సంచికతో సూపర్‌మ్యాన్ లోకమునకు పరిచితుడయ్యెను. సీగెల్, షూస్టర్‌లు తమ సృష్టిపై సర్వహక్కులను ప్రకాశకులకు 130 డాలర్లకు విక్రయించిరి. ఈ బేరము తరువాత మరల ప్రస్తావనకు వచ్చును. మొదటి సంవత్సరము సూపర్‌మ్యాన్ ఎదిరించినవారు లంచగొండి రాజకీయవేత్తలు, ఆయుధ వ్యాపారులు, భార్యలను కొట్టు మగలు మొదలైన సాధారణ దుర్మార్గులే. పర్వతములను పెకలింపగల బాహుబలునకు ఇట్టివారు ఎన్నాళ్లు సాటి కాగలరు? బలమునకు ఎదురుగా బుద్ధిని నిలుపక తప్పలేదు. 1939 జూన్ నెలలో, చక్రముల కుర్చీకి పరిమితుడైన ‘అల్ట్రా హ్యూమనైట్’ అను బోడితల శాస్త్రవేత్త ప్రవేశించెను. కొంతకాలమునకు అతని మెదడు ఒక సినిమా నటీమణి శరీరములోనికి మార్చబడుటతో కథ వింతదారులు పట్టెను. ఆ స్థానమును భర్తీ చేయుటకు వచ్చినవాడే లూథరు.

‘యాక్షన్ కామిక్స్’ ఇరువదిమూడవ సంచిక, 1940 ఏప్రిల్. ఐరోపాలో యుద్ధము మొదలై అప్పటికి ఏడాది కాలేదు. కథలో గలోనియా, టోరాన్ అను రెండు కల్పిత ఐరోపా రాజ్యములు పోరాడుచుండును. ఆ పోరును రగిల్చినవాడు, మేఘమండలమున ఒక మహావాయునౌకకు వ్రేలాడదీసిన నగరములో కూర్చున్న ఎఱ్ఱజుట్టు శాస్త్రవేత్త. పేరు లూథరు. అంతే; దాని కొక మొదటి భాగము లేదు. ఇంటిపేరా, సొంతపేరా అని పాఠకుడు అడుగలేదు, రచయిత చెప్పలేదు. ధనంజయుడు తన దశరూపకమున ప్రతినాయకునకు లోభము, ధీరోద్ధతత్వము, మొండితనము, పాపప్రవృత్తి, వ్యసనము లక్షణములుగా పేర్కొనెను. ఆ తొలి లూథరునందు ఇవన్నియు ఉన్నవి, ఇంతకుమించి ఏమియు లేదు. అదే సంవత్సరపు మరియొక కథలో అతడు సూపర్‌మ్యాన్‌ను పందెమునకు పిలిచి, నీ కండరములు ఘనమా, నా యంత్రములు ఘనమా తేల్చుకొందము రమ్మనును. ఎనుబదియేండ్ల వైరమంతయు ఈ పందెములోనే బీజరూపమున నున్నది.

ఇక జుట్టు సంగతి. 1941లో, దినపత్రికలకై సూపర్‌మ్యాన్ బొమ్మలను గీచుచున్న షూస్టర్ చిత్రశాలలోని లియో నొవాక్ అను చిత్రకారుడు, ఎఱ్ఱజుట్టు లూథరును పొరపాటున బోడితలవానిగా చిత్రించెను. పాత సంచికలోని బట్టతల అనుచరునొకనిని చూచి అతడే లూథరనుకొనెనని కొందరును, అల్ట్రా హ్యూమనైటు రూపముతో కలిపివేసెనని మరికొందరును ఊహించిరి. కారణమేదైనను ఆ రూపము పుస్తకములలోను స్థిరపడిపోయెను. వారమువారము గడువునకు అందించవలసిన పనిలో పడి ఒక చిత్రకారుడు చేసిన తొందరపాటు, ఏ సంపాదకవర్గమును తీరుబడిగా యోచించి సాధింపలేని ఫలమును సాధించెను. నిగనిగలాడు నల్లని జుట్టు, నుదుట ముంగురులు గల సూపర్‌మ్యాన్ కెదురుగ నున్నని శిరస్సుగల శత్రువు! చదువురాని పిల్లవాడును వీరెవరో వారెవరో ఒక్క చూపున చెప్పగలిగెను.

యుద్ధకాలమున లూథరు కొక విచిత్రమైన గౌరవము లభించెను. 1944లో సిద్ధమైన ఒక కథలో అతడు సూపర్‌మ్యాన్‌పై అణుబాంబును ప్రయోగించెను. బొమ్మల కథకై కల్పించిన ఆ మాట, న్యూ మెక్సికో ఎడారిలో పరమరహస్యముగ సాగుచున్న కార్యమునకు మిక్కిలి సమీపముగ ఉండుటచే, అమెరికా యుద్ధశాఖ కోరికపై ఆ కథ ప్రచురణ నిలిచిపోయి, హిరోషిమా దగ్ధమైన పిమ్మట, 1946 జనవరి-ఫిబ్రవరి సంచికలో గాని వెలుగు చూడలేదు. 1945 ఏప్రిలులో దినపత్రికల సూపర్‌మ్యాన్ కథలో సైక్లోట్రాన్ యంత్రము కనబడినపుడును అధికారులు కలుగజేసికొనిరి. ఇది హాస్యాస్పదముగ తోచవచ్చును. కాని అప్పటివరకు ‘పిచ్చి శాస్త్రవేత్త’ యనిన అమెరికా పాఠకుడు నవ్వుకొనెడివాడు. 1945 ఆగస్టు తరువాత ఆ నవ్వులో జంకు కలిసెను. 1950లో ‘ఆటమ్ మ్యాన్ వర్సస్ సూపర్‌మ్యాన్’ అను పదునైదు భాగముల చలనచిత్రమున లైల్ టాల్బట్ లూథరు పాత్రను ధరించెను. వెండితెరపై లూథరు కదియే తొలి దర్శనము. చిత్రము పేరులోనే అణువు చేరుట గమనింపదగినది.

ఆ తరువాతి దశకము లూథరు పాలిట చప్పగ గడచెను. కామిక్కులు బాలురను చెడగొట్టుచున్నవని ఫ్రెడ్రిక్ వర్థామ్ అను మనోవైద్యుడు గ్రంథము వ్రాయుట, 1954లో అమెరికా సెనేటు ఉపసంఘము విచారణ జరుపుట, దానికి బెదరి ప్రకాశకులు తమకు తామే ఒక నియమావళిని విధించుకొనుట, ఇవన్నియు తెలిసిన కథలే. నేరము చేసినవాడు తుదకు శిక్షింపబడి తీరవలెనను నియమముచే, మహాసంహారకుడైన లూథరు చెఱసాల దుస్తులతో గోడదూకుటయు, దొరకుటయు, మరల దూకుటయునైన అల్లరివాడుగ మిగిలెను.

అట్టి సమయమున, 1960 ఏప్రిల్ ‘అడ్వెంచర్ కామిక్స్’ 271వ సంచికలో, అతనికి బాల్యము సృష్టింపబడెను. ‘లెక్స్’ అను పేరును అతడు ధరించుట ఆ కథతోనే మొదలు. స్మాల్‌విల్ అను పల్లెటూరిలో లూథరు కుఱ్ఱవాడు. అదే ఊరిలో సూపర్‌మ్యాన్ బాలుడై, సూపర్‌బాయ్ అను పేర నుండును. లూథరు అతనికి భక్తుడు. ప్రాణాంతకమైన క్రిప్టొనైట్ శిల బారినుండి ఒకనాడు సూపర్‌బాయ్‌ను కాపాడగా, కృతజ్ఞతతో సూపర్‌బాయ్ అతని కొక ప్రయోగశాలను కట్టియిచ్చును. ఆ శాలలో లూథరు అహోరాత్రములు శ్రమించి కృత్రిమ జీవపదార్థమును సృజించును, మిత్రునికై క్రిప్టొనైటునకు విరుగుడును కనుగొనును. సంతోషపారవశ్యమున చేయి తగిలి నిప్పంటుకొనును. ఆర్తనాదము విని వచ్చిన సూపర్‌బాయ్ ఒక్క ఊపిరితో మంటను ఆర్పును. ఆ ఊపిరికే రసాయనములు ఒలికి, విషవాయువు పుట్టి, జీవపదార్థము నశించును, విరుగుడు నశించును, లూథరు తలవెండ్రుకలు రాలిపోవును. నా కీర్తిని చూచి ఓర్వలేకయే ఇట్లు చేసితివని లూథరు నిశ్చయించుకొనును. పిదప ఊరికి మేలు చేయవలెనని తలపెట్టిన యంత్రములు వికటించుట, వానిని సూపర్‌బాయే వచ్చి సరిదిద్దుట, ప్రతి ఉపకారమును అవమానముగ లెక్కింపబడుట, ఇట్లు పగ పండును.

జుట్టు పోయినంతమాత్రమున లోకకంటకుడగుట ఏమని ఈ కథను ఎగతాళి చేసినవారు చాలమంది. వారు కథను సరిగ చదువలేదని నా అభిప్రాయము. లూథరు పోగొట్టుకొన్నది వెండ్రుకలు గావు, తాను సాధించిన అద్భుతమునకు సాక్ష్యము. సహజబలముచే మిత్రుడు అనాయాసముగ చేయు ప్రతి పనియు, కష్టించి నేర్చుకొన్నవాని కృషిని తేలిక చేయును. ఆ మిత్రుడు మంచివాడగుట మరింత దుస్సహము. పాండవుల రాజసూయమునకు పోయి వచ్చిన దుర్యోధనుని మనోవేదన ఎఱిగిన తెలుగు పాఠకునకు దీనిని విడమరచి చెప్పవలసిన పని లేదు.

ఈ కథను వ్రాసినవారెవరో తెలిసినచో దాని రుచి ఇంకొకవిధముగ నుండును. రచయిత జెర్రీ సీగెలే. బొమ్మలు అల్ ప్లాస్టీనోవి. తాము అమ్ముకొన్న సూపర్‌మ్యాన్ కోట్లు ఆర్జించుచుండగా, సీగెల్, షూస్టర్‌లు 1947లో హక్కులకై వ్యాజ్యము వేసిరి. హక్కు రాలేదు సరికదా, సృష్టికర్తలుగ తమ పేర్లును పుటలనుండి తొలగింపబడెను. పనిలేక, పూట గడువక, 1959 ప్రాంతమున సీగెల్ అదే సంస్థకు తిరిగి వచ్చి, మోర్ట్ వైసింగర్ అను కఠిన సంపాదకుని క్రింద, పేరు లేని కూలి రచయితగ పనిచేసెను. తాను సృజించినది కన్నులయెదుట పరులపాలగుట చూచిన మేధావికి పగ పుట్టు కథను, ఆ స్థితియందే యున్న రచయిత వ్రాసెను. తన దుఃఖమునే అందు పొదిగెనని నిరూపింప సాధ్యము కాదు. కాని ఆ లూథరుపై కథకునకు గల జాలి ప్రతి పుటయందు కనబడును. మరుసటి సంవత్సరమున అతడే వ్రాసిన ఊహాకథలో లూథరు క్యాన్సరు వ్యాధికి మందు కనుగొని, ఆ మంచి పేరును అడ్డుపెట్టుకొని సూపర్‌మ్యాన్‌ను నిజముగనే చంపివేయును.

లూథరు చరిత్రకు శిఖరప్రాయమైన కథ మాత్రము 1963 అక్టోబరు ‘సూపర్‌మ్యాన్’ 164వ సంచికలోనిది. వ్రాసినవాడు ఎడ్మండ్ హామిల్టన్. చిత్రకారుడు కర్ట్ స్వాన్. ఎఱ్ఱని సూర్యుని వెలుగున సూపర్‌మ్యాన్ మానవమాత్రుడగును గనుక, అట్టి గ్రహమునకు వచ్చి ముష్టియుద్ధము చేయుమని లూథరు సవాలు చేయును. అచ్చట వారికి కానవచ్చినది నీటిబొట్టుకై అలమటించుచు, తమ పూర్వుల శాస్త్రజ్ఞానమును మఱచిపోయిన ఒక జాతి. లూథరు ఆ పాడుబడిన యంత్రములను బాగుచేసి, ప్రాచీన విజ్ఞానమును చదివి బోధించి, వారికి ఆరాధ్యుడగును; అతనిని పట్టుకొనిపోవుటకు వచ్చిన సూపర్‌మ్యాన్ వారి కంటికి దుష్టుడు! తుదకు పోరులో లూథరు ఓడి, బందీయై మరలివచ్చుచు, దారిలో సూపర్‌మ్యాన్‌ను వేడుకొని మంచుగడ్డలను ఆ గ్రహమునకు విసరింపజేసి, జనులకు ఇచ్చిన మాట నిలుపుకొనును. గెలిచిన బలశాలి నీరు తేగలడు, తాను తేలేడు; అందుచే ఓటమిని కొంత తానే కోరుకొనెనేమో యను సందేహము పాఠకునకు మిగులును. ఆ జనులు అతనికి విగ్రహము నెత్తిరి. ఆ గ్రహమునకు లెక్సార్ అను పేరును, అతనికి ఆర్డోరా అను భార్యయు తరువాతి కథలలో అమరెను. నిఖిలప్రపంచములో తనను మంచివాడనుకొను తావు ఒక్కటున్నదని తెలిసియు, అతడు పగ విడువలేక మాటిమాటికి భూమికే మరలుట ఆ పాత్రలోని అసలైన విషాదము. 1983లో, ‘యాక్షన్ కామిక్స్’ 544వ సంచికలో, సూపర్‌మ్యాన్‌తో పోరుచుండగా జరిగిన ప్రేలుడులో ఆ గ్రహమే భస్మమై, భార్యయు, పసికూనయు మరణించిరి. దానికిని శత్రువునే నిందించుట అతని స్వభావము.

ఆ కాలపు రచయితలు అతనికి కొన్ని చిన్న చిన్న గుణములను చేర్చిరి. లీనా అను చెల్లెలు కలదు. అన్న దుష్కీర్తి ఆమెకు అంటకుండ ఇంటిపేరు అక్షరములు తారుమారు చేయబడెను. అతని రహస్యస్థావరమున అటిల్లా, చెంగిజ్ ఖాన్, కెప్టెన్ కిడ్, అల్ కపోన్‌ల విగ్రహములు కలవు. కాని 1986 ఆరంభమున ఎలియట్ మాగిన్ వ్రాసిన కథలో, లూథరు ఏటేట ఐన్‌స్టీన్ జన్మదినమునకు చెఱ తప్పించుకొని ఆ మహనీయునకు నివాళి అర్పించునని బయటపడును. పై నలుగురి విగ్రహములకంటె ఈ ఒక్క భక్తియే అతనిని మనకు దగ్గర చేయును.

1978 నాటి చలనచిత్రమున జీన్ హాక్‌మన్ నటించిన లూథరు ఎడారి భూములను చవుకగ కొని, క్షిపణితో కాలిఫోర్నియా తీరమును సముద్రమున ముంచి, తన ఎడారిని తీరభూమిగ మార్చి అమ్ముకొనజూచును. అది వినోదమే యైనను, శాస్త్రవేత్త నుండి వ్యాపారి పుట్టుట అచ్చట చూడవచ్చును.

1986లో ప్రకాశకులు సూపర్‌మ్యాన్ కథను మొదటినుండి తిరిగి వ్రాయించిరి. ఆ పని జాన్ బైర్న్ చేతికి వచ్చెను. లూథరును చెఱసాల దుస్తులనుండి తప్పించి కోటీశ్వరుడైన పారిశ్రామికాధిపతిగ మార్చవలెనను యోచన మార్వ్ వోల్ఫ్‌మన్‌ది. ఈ లూథరు చట్టమునకు చిక్కడు. మెట్రోపొలిస్ నగరపు ఆకాశహర్మ్యములు, పత్రికలు, ఉద్యోగములు అతనివి. పల్చబడుచున్న ఎఱ్ఱజుట్టుతో ప్రత్యక్షమగుట పాత పాఠకులకొక చమత్కారము. తన ఓడపై విందు జరుగునప్పుడు దుండగులు దాడి చేయుదురని ముందే తెలిసియు, సూపర్‌మ్యాన్ శక్తిని చూడగోరి ఊరకుండును. పిదప అతనికి జీతము ఇవ్వజూపును. నగరాధ్యక్షుడు బంధింపుమని ఆజ్ఞాపింపగా సూపర్‌మ్యాన్ అతనిని ఠాణాకు తీసికొనిపోవును. ఇచ్చట పగకు కారణము నష్టము కాదు. తనను అందరివలె ఒక్కనిగ చూచుట.

ఈ లూథరు స్వభావమంతయు 1987 ఆరంభమున వెలువడిన ‘సూపర్‌మ్యాన్’ నూతన శ్రేణి రెండవ సంచికలో ఒక్క సన్నివేశమున ఇమిడియున్నది. సూపర్‌మ్యాన్ రహస్యమును ఛేదింపగోరి అతడు సేకరింపించిన సమాచారమునంతయు అతని ఉద్యోగిని యంత్రమున నింపగా, క్లార్క్ కెంట్ అను విలేకరియే సూపర్‌మ్యానని కంప్యూటరు తేల్చి చెప్పును. లూథరు ఆమెను తక్షణమే పనినుండి తొలగించును. అంతటి బలము గలవాడు సామాన్యునివలె మెలగుటకు సమ్మతించునా? అసంభవము! సత్యము చేతికి వచ్చియు, తనవంటి మనసే లోకమున కెల్ల ఉన్నదని నమ్మినవాడు దానిని గుర్తింపలేకపోయెను. లోకమున ఎవరికిని లేని మేధగలవానిని కేవలము అతని గుణముచేతనే మూర్ఖుని చేసిన ఈ కల్పనకు సాటి కామిక్కులలో నేను చూడలేదు. అదేవిధముగ, సూపర్‌మ్యాన్‌ను దూరముంచుటకై ధరించిన క్రిప్టొనైట్ ఉంగరమే అతనికి క్యాన్సరు తెచ్చి, చేతిని హరించెను. 1989లో వెలువడిన ‘అనధికార జీవితచరిత్ర’ మాత్రము, మురికివాడలో పుట్టిన లూథరు భీమా ధనమునకై బాల్యముననే తల్లిదండ్రుల కారును చెడగొట్టి చంపెనని చెప్పెను. ఇది నాకు రుచింపదు. పుట్టుకతోనే క్రూరుడైనవానికి పూర్వకథ అక్కరలేదు. పూర్వకథ ఉన్నది పతనమును చూపుటకే గదా!

2000వ సంవత్సరమున లూథరు అమెరికా అధ్యక్ష పదవికి పోటీచేసి గెలిచెను. అదే శరదృతువున నిజమైన ఎన్నిక ఫ్లోరిడా ఓట్ల లెక్కలో చిక్కి న్యాయస్థానములకెక్కగా, కామిక్కులలోని ఎన్నిక మాత్రము చిక్కులేక ముగిసెను! అతడు మోసముచే గాక, సుభిక్షమును, సాంకేతికాభివృద్ధిని వాగ్దానము చేసి గెలుచుట ఈ కల్పనలోని బలము. పిచ్చిపట్టి పదవీభ్రష్టుడగుట దానిలోని బలహీనత. 2003లో మార్క్ మిల్లార్ వ్రాసిన ‘రెడ్ సన్’ ఇంకొకదారి తొక్కెను: సూపర్‌మ్యాన్ సోవియట్ దేశమున పెరిగినచో లూథరు అమెరికాను నిలబెట్టు వీరుడగును, తుదకు సూపర్‌మ్యాన్ లూథరు వంశమున అనేక తరములకు పుట్టిన మునిమనుమడేనని తెలియును. 2001 మొదలు పదేండ్లు సాగిన ‘స్మాల్‌విల్’ టెలివిజన్ ధారావాహిక మరల బాల్యమైత్రినే ఆశ్రయించెను. బైర్న్ తుడిచివేసిన 1960 నాటి కథ ఇట్లు మరల మరల తలయెత్తుచున్నది.

సీగెల్, షూస్టర్‌ల పేర్లు 1975 చివర ఏటేట వేతనముతోపాటు సూపర్‌మ్యాన్ పుటలకు తిరిగివచ్చెను. వారి ప్రతినాయకుని తెలిసికొనగోరు పాఠకునకు నాదొక్క మనవి: 1960, 1963, 1987 నాటి ఆ మూడు కథలను చదువుడు, తల్లిదండ్రులను చంపిన కథను చదువకున్నను లోటు లేదు.